లెక్కలు మళ్లీ మొదటి నుంచి, ఈసారి బొమ్మలతో

మళ్లీమొదలు

అందరికీ నమస్కారం. చదువు ముగించి చాలా ఏళ్లయింది. ఉద్యోగంలో కూడికలు, తీసివేతలు, అప్పుడప్పుడు శాతాలు తప్ప ఇంకేమీ అవసరపడలేదు. ఇప్పుడు లెక్కలు మొదటి నుంచి నేర్చుకోవాలని ఉంది. పరీక్షలేమీ రాయను, నాకు అర్థమైతే చాలు.

నా ఇబ్బంది ఇదీ. భిన్నాన్ని భిన్నంతో భాగించాలంటే రెండోదాన్ని తలకిందులు చేసి గుణించాలని గుర్తుంది. రెండు ఋణ సంఖ్యలను గుణిస్తే ధన సంఖ్య వస్తుందని గుర్తుంది. (క + గ)² = క² + 2కగ + గ² సూత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఎందుకలా అని అడిగితే మాత్రం ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ఒక పాఠ్యపుస్తకం తెరిచి చూశాను. ముందు నియమం, తర్వాత ఉదాహరణ, ఆ తర్వాత పేజీ నిండా లెక్కలు. కారణం ఎక్కడా కనిపించలేదు.

జ్యామితి బొమ్మలతో మొదలుపెడితే మేలని కొందరు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? బొమ్మలు పట్టుకుని బీజగణితం దాకా నిజంగా వెళ్లగలమా?

గళ్లకాగితం

వెళ్లగలం, నేను ఆ దారిలోనే వెళ్లాను. గళ్ల కాగితం, పెన్సిలు, స్కేలు, కత్తెర ఉంటే చాలు.

ముందు ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. గుణకారం అంటే దీర్ఘచతురస్రం. 7 × 8 అంటే, ఒక భుజం 7, ఇంకో భుజం 8 ఉన్న దీర్ఘచతురస్రంలో ఎన్ని గళ్లున్నాయని అడగడమే. పసిపిల్లలకు చెప్పే మాటలా ఉంటుంది గానీ భిన్నాలు, బీజగణితం, వర్గమూలాలు అన్నీ దీని మీదే నిలబడతాయి.

13 × 13 చతురస్రం గీయండి. ప్రతి భుజాన్నీ 10, 3గా విడగొట్టి అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీతలు గీయండి. 100 గళ్ల పెద్ద చతురస్రం, 9 గళ్ల చిన్న చతురస్రం, 30 గళ్ల పట్టీలు రెండు వస్తాయి. మొత్తం 169. మీ సూత్రంలో ఉన్న 2కగ ఆ రెండు పట్టీలే. చాలామంది క² + గ² దగ్గరే ఆగిపోతారు. బొమ్మ గీసినవాళ్లు ఆగలేరు, కాగితం మీద రెండు పట్టీల చోటు ఖాళీగా కళ్లకు కనిపిస్తూ ఉంటుంది కాబట్టి. గ్రీకు గణితవేత్త యూక్లిడ్ క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో దీన్ని బొమ్మగానే చెప్పాడు. అక్షరాలతో సమీకరణాలు రాసే పద్ధతి అప్పటికి లేనేలేదు.

భిన్నాల గుణకారానికీ ఇదే బొమ్మ. భుజం 1 ఉన్న చతురస్రం తీసుకోండి. నిలువు గీతలతో 4 సమభాగాలు చేసి 3 భాగాలకు రంగు వేయండి. అడ్డగీతలతో 3 సమభాగాలు చేసి వాటిలో 2 భాగాలకు వేరే రంగు వేయండి. చతురస్రం మొత్తం 12 గళ్లయింది, రెండు రంగులూ పడిన గళ్లు 6. అందుకే 2/3 × 3/4 = 6/12, అంటే సగం. లవాలను లవాలతో, హారాలను హారాలతో ఎందుకు గుణిస్తామో వేరే చెప్పక్కర్లేదు. హారాల గుణకారం మొత్తం గళ్లను, లవాల గుణకారం రెండు రంగుల గళ్లను లెక్కపెడుతోంది.

మళ్లీమొదలు

గీశాను. 13 × 13 బొమ్మ దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను. ఇన్నేళ్లుగా వల్లెవేస్తున్నది ఇంత సాదా విషయమా అనిపించింది! భిన్నాల గుణకారం కూడా కుదిరింది. భాగహారం మాత్రం ఈ బొమ్మలో ఇమడటం లేదు. తలకిందులు చేయడం ఎక్కడ కనిపిస్తుంది?

కర్ణరేఖ

భాగహారానికి చతురస్రం కంటే పొడవాటి పట్టీ మంచిది. నేను పెద్దవాళ్లకు లెక్కలు చెబుతుంటాను, భిన్నాల భాగహారం ఎప్పుడూ పట్టీతోనే మొదలుపెడతాను.

1/2 ÷ 3/4 తీసుకుందాం. "సగంలో ముప్పావు ఎన్నిసార్లు పడుతుంది?" అన్నది ప్రశ్న. 12 గళ్ల పట్టీ గీసి దాన్ని 1 అనుకోండి. సగం అంటే 6 గళ్లు, ముప్పావు అంటే 9 గళ్లు. 6 గళ్లలో 9 గళ్ల ముక్క పూర్తిగా పట్టదు, అందులో 6/9 వంతు, అంటే 2/3 వంతు పడుతుంది. జవాబు వచ్చేసింది. రెండు భిన్నాలనూ ఒకే సైజు గళ్లలో కొలిచాక భిన్నాల భాగహారం మామూలు భాగహారమే అయిపోతుంది.

ఇక తలకిందులు చేయడం సంగతి. అదే పట్టీ మీద, 1లో 3/4 ఎన్నిసార్లు పడుతుందో చూడండి. ఒకసారి పూర్తిగా పడింది, 3 గళ్లు మిగిలాయి, అవి 9 గళ్ల ముక్కలో మూడో వంతు. అంటే 1⅓ సార్లు, మరోలా రాస్తే 4/3. మొత్తం పట్టీలో 4/3 సార్లు పట్టేది సగం పట్టీలో అందులో సగం సార్లే కదా పడుతుంది! 1/2 × 4/3 = 2/3. "1లో ఇది ఎన్నిసార్లు పడుతుంది?" అన్న ప్రశ్నకు జవాబే ఆ తలకిందులైన భిన్నం. మరో రెండు జతలతో మీరే గీసి చూడండి. 2/5 ÷ 1/3 తీసుకుంటే 15 గళ్ల పట్టీ కావాలి.

అభ్యాసి

కాస్త భిన్నంగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. బొమ్మలు చూసినప్పుడు కలిగే సంతోషం వేరు, లెక్క చేయగలగడం వేరు. పట్టీ గీస్తే అర్థమైంది సరే, 17/24 ÷ 35/36 వచ్చినప్పుడు ఎవరూ పట్టీ గీయరు. నియమం చేతికి అలవాటు కావాలి, అది అభ్యాసంతోనే వస్తుంది. బొమ్మలు చూసి "అర్థమైపోయింది" అనుకుని అభ్యాసం వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఇంకో సంగతి. బొమ్మ అబద్ధం కూడా చెబుతుంది. 8 × 8 చతురస్రం తీసుకుని 3 × 8, 5 × 8 పట్టీలుగా కత్తిరించండి. 3 × 8 పట్టీని కర్ణం వెంట కోస్తే రెండు లంబకోణ త్రిభుజాలు వస్తాయి. 5 × 8 పట్టీని ఏటవాలుగా కోసి, సమాంతర భుజాలు 3, 5 ఉండే రెండు ట్రెపీజియాలు చేయండి. ఈ నాలుగు ముక్కలనూ 5 × 13 దీర్ఘచతురస్రంగా పేర్చవచ్చు. 64 గళ్లు 65 అయ్యాయి! కంటికి ఏ తేడా కనిపించదు. కొత్తగా నేర్చుకునే మనిషిని ఇలాంటి కళ్ల సాక్ష్యం మీద ఆధారపడమనడం సరైనదేనా?

సున్నా

అభ్యాసి గారు చాలా మంచి ఉదాహరణ తెచ్చారు. మళ్లీమొదలు గారు దీన్ని తప్పకుండా కత్తిరించి చూడాలి. బొమ్మను ఎలా చదవాలో ఇంతకంటే బాగా నేర్పేది నాకు తెలియదు.

మోసం 5 × 13 కర్ణం దగ్గర ఉంది. త్రిభుజం ఏటవాలు అంచు 8 గళ్లు పక్కకు వెళితే 3 గళ్లు పైకి లేస్తుంది, వాలు 3/8, అంటే 0.375. ట్రెపీజియం అంచు 5 గళ్లకు 2 గళ్లు లేస్తుంది, వాలు 2/5, అంటే 0.4. ఈ రెండు అంచులూ కలిసి ఒకే సరళరేఖ కావు. కర్ణం వెంట సన్నటి సమాంతర చతుర్భుజం ఆకారంలో సందు మిగులుతుంది. దాని వైశాల్యం సరిగ్గా 1 గడి. కత్తెర అంచు కాస్త అటూ ఇటూ అయిందేమో అని కన్ను సర్దుకుంటుంది.

13 × 13 బొమ్మలో ఇలాంటిది జరగదు. అక్కడ ప్రతి అంచూ గళ్ల గీతల మీదే ఉంది, ముక్కల భుజాలన్నీ మనకు తెలుసు. కాబట్టి ప్రతి బొమ్మ దగ్గరా ఒక ప్రశ్న వేసుకోండి: "ఈ రెండు అంచులూ కలుస్తాయని నాకెలా తెలుసు?" జవాబు "కనిపిస్తోంది కదా" అయితే పని ఇంకా మిగిలి ఉంది. "ఈ పొడవూ ఆ పొడవూ సమానం, ఇది లంబకోణం" అని చెప్పగలిగితే అదే నిరూపణ.

మీరు మొదట అడిగిన ఋణ సంఖ్యల సంగతికి వస్తాను. (10 − 2) × (10 − 3) గీయండి. 10 × 10 చతురస్రంలో కుడిపక్క నుంచి 2 గళ్ల వెడల్పు పట్టీ తీసేయండి, 20 పోయాయి. పైనుంచి 3 గళ్ల ఎత్తు పట్టీ తీసేయండి, 30 పోయాయి. మూలలో ఉన్న 2 × 3 ముక్క రెండు పట్టీల్లోనూ ఉంది కాబట్టి రెండుసార్లు తీసేసినట్టయింది. ఒకసారి తిరిగి ఇవ్వాలి. 100 − 20 − 30 + 6 = 56, అంటే 8 × 7. ఆ +6 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. అది −2, −3ల గుణకారం ఉండాల్సిన చోటు.

బొమ్మ ఇక్కడి దాకానే తెస్తుందని కూడా చెప్పాలి. 10 బదులు 0 పెడితే గీయడానికి చతురస్రమే ఉండదు. కానీ పంపకం పద్ధతి (ఒక బ్రాకెట్‌లోని ప్రతి సంఖ్యనూ రెండోదానిలోని ప్రతి సంఖ్యతో గుణించి కలపడం) అక్కడ కూడా చెల్లాలని కోరుకుంటే (0 − 2) × (0 − 3) = 0 − 0 − 0 + 6 కావాల్సిందే. ఆ ఆఖరి అడుగు వేయించేది తర్కం. నాకు బొమ్మలంటే ప్రాణం, అయినా ఈ సరిహద్దును దాచి చెప్పడం నాకు నచ్చదు.

రాత్రిచదువు

నేనూ మళ్లీమొదలు గారిలాగే పెద్దయ్యాక నేర్చుకుంటున్నవాడినే. శాతాల గురించి ఒక బొమ్మ చెబుతాను, ఇది ఎవరూ నాకు చెప్పలేదు, గీస్తుండగా దొరికింది.

ఒక మొత్తం 20 శాతం పెరిగి, ఆ తర్వాత 20 శాతం తగ్గితే మొదటికి రాదని అందరూ చెబుతారు. 100కి 96 అవుతుంది. ఆ 4 ఎక్కడికి పోయింది? 10 × 10 చతురస్రం గీసి, 20 శాతం పెంచడానికి కింద 2 వరుసలు చేర్చండి. ఎత్తు 12 అయింది. తర్వాత 20 శాతం తగ్గించడానికి పక్కన 2 నిలువు వరుసలు తీసేయండి, వెడల్పు 8 అయింది. 12 × 8 = 96. తీసేసిన నిలువు వరుసల ఎత్తు 10 కాదు, 12. కొత్తగా చేరిన భాగంలోంచి కూడా 2 × 2 ముక్క పోయింది, ఆ 4 అదే. ముందు తగ్గి తర్వాత పెరిగినా అదే దీర్ఘచతురస్రం, అదే 96. (10 + 2)(10 − 2) = 100 − 4 అన్న బీజగణిత సూత్రం కూడా ఇదేనని తర్వాత తెలిసింది.

మళ్లీమొదలు

64, 65 కత్తిరించాను. సున్నా గారు చెప్పిన సందు చూడాలంటే పెద్ద గళ్లతో గీయాల్సి వచ్చింది, అప్పుడు స్పష్టంగా కనిపించింది. అభ్యాసి గారి మాట కూడా తీసుకున్నాను. బొమ్మ గీసిన ప్రతి నియమం మీదా ఆ వెంటనే బొమ్మ లేకుండా లెక్కలు చేస్తున్నాను. వింతగా ఇప్పుడు అవి విసుగ్గా లేవు, ఏం చేస్తున్నానో తెలుస్తోంది కాబట్టి.

ఇక వర్గ సమీకరణాలు. వర్గమూలంతో, ± గుర్తుతో ఉండే ఆ పెద్ద సూత్రానికి కూడా బొమ్మ ఉందా?

కర్ణరేఖ

ఉంది, అందరికంటే పాత బొమ్మల్లో అదొకటి. 9వ శతాబ్దంలో బాగ్దాదులో గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ తీసుకున్న లెక్కే చేద్దాం. ఒక చతురస్రానికి, దాని భుజానికి 10 రెట్లు కలిపితే 39. భుజం ఎంత?

తెలియని భుజంతో ఒక చతురస్రం గీయండి. "భుజానికి 10 రెట్లు" అంటే 10 వెడల్పున్న పట్టీ. దాన్ని సగానికి చీల్చి, 5 వెడల్పున్న పట్టీలుగా చతురస్రానికి కుడిపక్కన ఒకటి, కింద ఒకటి అతికించండి. మొత్తం వైశాల్యం ఇంకా 39. ఇప్పుడు ఆకారం చూడండి, ఒక మూల తప్ప నిండు చతురస్రం. ఖాళీ మూల 5 × 5 = 25. దాన్ని నింపితే 39 + 25 = 64, కాబట్టి పెద్ద చతురస్రం భుజం 8. అందులో 5 పట్టీది, మిగిలిన 3 మనకు కావలసిన భుజం. సరిచూడండి: 9 + 30 = 39.

"వర్గాన్ని పూర్తి చేయడం" అని పుస్తకాల్లో ఉండేది ఆ మూలను నింపడమే. సంఖ్యల బదులు అక్షరాలు పెట్టి ఇదే పని చేస్తే మీరు అడిగిన పెద్ద సూత్రం వస్తుంది. దీనికి ఇంకో జవాబు −13 కూడా ఉంది (169 − 130 = 39). బొమ్మలో అది దొరకదు, పొడవు ఋణ సంఖ్య కాలేదు కాబట్టి. అల్ ఖ్వారిజ్మీ దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. సున్నా గారు చెప్పిన సరిహద్దు ఇక్కడ మళ్లీ ఎదురైంది.

గళ్లకాగితం

వర్గమూలాల దాకా వచ్చారు కాబట్టి నాకు ఎంతో ఇష్టమైన బొమ్మ చూపిస్తాను. 36/84ని సూక్ష్మీకరించాలంటే గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం, రెండింటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య) కావాలి కదా. 84 × 36 దీర్ఘచతురస్రం గీసి, అందులోంచి పట్టినంత పెద్ద చతురస్రాలు కోస్తూ పోండి. 36 × 36 చతురస్రాలు రెండు పోతే 12 × 36 ముక్క మిగులుతుంది. అందులో 12 × 12 చతురస్రాలు సరిగ్గా మూడు. ఏమీ మిగల్లేదు. ఆఖరి చతురస్రం భుజం 12, అదే గ.సా.భా. 36/84 = 3/7. యూక్లిడ్ పేరుతో చెప్పే భాగహార పద్ధతి ఇదే.

ఇప్పుడు ఏ4 కాగితం తీసుకుని అదే పని చేయండి. ఆ కాగితాన్ని సగానికి మడిస్తే అదే ఆకారం వచ్చేలా చేశారు, అందుకని దాని పొడవు వెడల్పుకు √2 రెట్లు ఉంటుంది. ఎన్ని చతురస్రాలు వస్తున్నాయో రాసుకోండి. కొలతలు 297, 210 మిల్లీమీటర్లు.

మళ్లీమొదలు

చేశాను. మొదట 210 భుజంతో ఒక చతురస్రం, 87 × 210 మిగిలింది. 87తో రెండు, 36 × 87 మిగిలింది. 36తో రెండు, 15 × 36. 15తో రెండు, 6 × 15. 6తో రెండు, 3 × 6. 3తో సరిగ్గా రెండు, అంతే, అయిపోయింది. చివరి ముక్కలు కత్తెరకు అందలేదు, లెక్కతో చేశాను. మొదటిసారి తప్ప ప్రతిసారీ రెండే ఎందుకు వస్తున్నాయి? గ.సా.భా. 3 వచ్చింది, అంటే పొడవు, వెడల్పు 99, 70 నిష్పత్తిలో ఉన్నట్టు. మరి √2 భిన్నం కాదంటారు కదా?

సున్నా

సరైన చోట పట్టుకున్నారు. నిజమైన √2 దీర్ఘచతురస్రం ఊహించుకోండి, వెడల్పు 1. ఒక చతురస్రం కోస్తే మిగిలే ముక్క భుజాలు 1, √2 − 1. వాటి నిష్పత్తి √2 + 1, అంటే 2.414 చిల్లర, కాబట్టి రెండు చతురస్రాలు పడతాయి. అవి పోగా మిగిలిన ముక్క నిష్పత్తి ఎంతో లెక్కగట్టండి, మళ్లీ √2 + 1 వస్తుంది. అదే ఆకారం, చిన్నదైంది అంతే. కాబట్టి ఎప్పటికీ రెండేసి కోస్తూనే ఉండాలి. అది ఆగదు. ఆగితే ఒక గ.సా.భా. లాంటి కొలత దొరికి √2 భిన్నం అయ్యేది. ఆగదు కాబట్టి √2 భిన్నం కాదు. మీ కత్తెర పని ఒక నిరూపణకు మొదటి భాగం.

మీ కాగితం ఎందుకు ఆగిందంటే, 297, 210 పూర్తి మిల్లీమీటర్లకు సవరించిన కొలతలు. 99/70 అంటే √2 కాదు, దానికి చాలా దగ్గర. 99 × 99 = 9801. 70 × 70కి రెట్టింపు 9800. ఒక్క గడి తేడా! 64, 65లాగే ఇది కూడా కంటికి దొరకదు, తర్కానికి మాత్రమే దొరుకుతుంది.

యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన భారతీయ గ్రంథాలైన శుల్బసూత్రాల్లో చతురస్రపు కర్ణానికి ఇచ్చిన కొలత 1 + 1/3 + 1/(3×4) − 1/(3×4×34). కలిపితే 577/408. దాన్నీ ఇలాగే సరిచూడండి.

అభ్యాసి

577 × 577 = 332929. 408 × 408 = 166464, దాని రెట్టింపు 332928. ఇక్కడా ఒక్కటే తేడా. ఈ లెక్క చేతితోనే చేశాను, చాలా సంతోషం కలిగింది. 99/70 నుంచి 577/408కి బొమ్మలో ఏమైనా దారి ఉందా?

గళ్లకాగితం

ఉంది, కోసినదాన్ని తిరిగి అతికించడమే. 1 × 1తో మొదలుపెట్టండి. చిన్న భుజం పక్కన ఆ భుజమంత చతురస్రం అతికించండి, 2 × 1 అవుతుంది. ఇప్పుడు పొడవాటి భుజం మీద ఆ పొడవంత చతురస్రం అతికించండి, 3 × 2 అవుతుంది. మళ్లీ చిన్న భుజం పక్కన 2, తర్వాత పొడవాటి భుజం మీద 5, 7 × 5 అవుతుంది. అలాగే 17 × 12, 41 × 29, 99 × 70. ప్రతి జతలోనూ పెద్దదాని వర్గానికీ, చిన్నదాని వర్గం రెట్టింపుకీ తేడా ఒక్కటే, ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ.

మళ్లీమొదలు

99 × 70 దగ్గర నుంచి నేను కొనసాగించాను. 70 చేరిస్తే 169 × 70, దాని మీద 169 చేరిస్తే 239 × 169. మళ్లీ 169 చేరిస్తే 408 × 169, దాని మీద 408 చేరిస్తే 577 × 408. వచ్చేసింది! తేడా ఎప్పుడూ ఒక్కటే ఎందుకు ఉంటుందో ఇంకా తెలియలేదు. దయచేసి ఎవరూ వెంటనే చెప్పకండి. గళ్ల కాగితం ఇంకా మిగిలి ఉంది, ముందు నన్ను ప్రయత్నించనివ్వండి.